తూము ఉండాలి, గండి పూడాలి

మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకి కంటి జబ్బు అనగానే మొదట తోచేది శుక్లం. శుక్లం ముదిరింది, ఆపరేషన్ చేయించాం, లోపల లెన్సు పెట్టారు, నాలుగు రోజుల్లో చూపు వచ్చింది - ఈ కథ మనందరికీ తెలిసిందే. ఏ కుటుంబంలో చూసినా అలాంటివాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉంటారు. అందుకే ఎవరికైనా కంటి ఆపరేషన్ అయిందంటే పరామర్శకి వచ్చినవాళ్ళు "ఇంకేం, పదిరోజుల్లో పేపరు చదివేస్తారు" అని ధైర్యం చెప్పి, కాఫీ తాగి వెళ్ళిపోతారు.

నీటికాసుల ఆపరేషన్ సంగతి వేరు. డాక్టర్లు గ్లకోమా అనే ఈ జబ్బుకి చేసే ఆపరేషన్ పోయిన చూపుని తిరిగి తేదు. ఉన్న చూపుని నిలబెట్టడానికి చేస్తారు. పైగా ఆపరేషన్ అయిపోయిన రోజున సగం పనే అయినట్టు. మిగతా సగం ఆ గాయం మానే తీరు మీద, ఇంట్లో మనం కనిపెట్టుకుని ఉండడం మీద ఆధారపడి ఉంటుంది. 2022లో మా నాన్నగారికి ఈ ఆపరేషన్ జరిగినప్పుడూ, తర్వాత ఆ గాయంలోంచి నీరు కారినప్పుడూ, దాన్ని ఆపడానికి డాక్టరుగారు కంటి మీద జిగురు వేసినప్పుడూ నేను పక్కనే ఉన్నాను. కంట్లో జిగురేమిటని మీరు ఆశ్చర్యపోవచ్చు. మేమూ ఆశ్చర్యపోయాం. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మాది బరంపురం. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా మా ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే. గీతలు మారినా మా ఇంటి భాష మారలేదు. నాన్నగారు నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. రుషికుల్య కాలువల వెంట, చెరువు గట్ల వెంట సైకిలు మీద తిరిగిన మనిషి. ఇప్పుడు ఆయన ఉద్యోగమల్లా ఆదివారం పూట మా వీధి అరుగు మీద పదిమంది పిల్లల్ని కూర్చోబెట్టి తెలుగు అక్షరాలు దిద్దించడం. బడిలో ఒడియా, ఇంగ్లీషు చదువుకునే పిల్లలు వాళ్ళు. తాతమ్మలు రాసిన ఉత్తరం చదవగలిగితే చాలునని వాళ్ళ అమ్మానాన్నల కోరిక. గుణింతంలో ఎవరు ఏ కొమ్ము తప్పు పెట్టారో నాన్నగారు ఒక్క కంటితోనే కనిపెట్టేవారు. ఒక్క కంటితో అని ఎందుకన్నానంటే, జబ్బు బయటపడేటప్పటికే ఆయన ఎడమ కన్ను పోయింది. ముందు చెయ్యి ఆడిస్తే నీడ కదిలినట్టు తెలిసేది, అంతే. కాబట్టి ఈ కథంతా మిగిలిన ఆ కుడికన్ను గురించే.

నీటికాసుల్లో దొంగబుద్ధి ఏమిటంటే, మామూలుగా వచ్చే రకంలో నొప్పి ఉండదు. చూపు అంచుల దగ్గర నుంచి తగ్గుకుంటూ వస్తుంది. నడిమధ్య చూపు చివరిదాకా బాగానే ఉంటుంది కాబట్టి మనిషికి అనుమానం రాదు. ఒక కన్ను తగ్గితే రెండోది సర్దుకుంటుంది. దక్షిణాదిలో జరిగిన సర్వేల్లో ఈ జబ్బు ఉన్నవాళ్ళలో పదింట తొమ్మిదిమందికి తమకి ఉన్న సంగతే తెలియదని తేలింది. చూపునరం ఒకసారి దెబ్బతింటే మళ్ళీ మొలవదు.

దీనికి మూలం కంట్లోని నీరు. అంటే కన్నీళ్ళు కావు. కన్నీళ్ళు కంటి పైన ఊరేవి. ఇది కనుగుడ్డు లోపల ఊరే స్వచ్ఛమైన నీరు. నిమిషానికి రెండు, రెండున్నర మైక్రోలీటర్లు, అంటే రోజు మొత్తానికి ఒక చిన్న చెంచాడు కూడా ఉండదు. అది నిరంతరం ఊరుతూ, నల్లగుడ్డు అంచున ఉండే సన్నని జల్లెడ గుండా బయటికి పోతూ ఉండాలి. ఊట ఆగక, పోయే దారి మూసుకుపోతూ వస్తే లోపల ఒత్తిడి పెరుగుతుంది. మామూలు కంటి ఒత్తిడి 10 నుంచి 21 దాకా ఉంటుంది. నాన్నగారికి మూడు రకాల చుక్కల మందులు వేస్తున్నా 34 చూపించింది. విశాఖపట్నంలో ఒక కంటి ఆస్పత్రికి తీసుకెళ్ళాం. అక్కడి డాక్టరమ్మ చిన్నవయసు అమ్మాయి, ఓపికమంతురాలు. "తాతగారూ, ఇక చుక్కలతో ఆగదు. నీరు పోవడానికి కొత్త దారి చెయ్యాలి" అంది.

నాన్నగారు వెంటనే "తూము పెడతావన్నమాట" అన్నారు.

ఆ అమ్మాయి నవ్వి "అంతే తాతగారూ, తూమే" అంది. ఆ మాటతో మాకు సగం విషయం అర్థమైపోయింది. నాన్నగారికి ఒడియా ధారాళంగా వచ్చు. ఆఫీసు పనంతా అందులోనే చేశారు. కానీ తన కంట్లో ఏం జరగబోతోందో ఆయన తన మాటల్లో పోల్చుకోగలిగిన రోజునే భయం వదిలింది.

ఈ ఆపరేషన్ పేరు ట్రాబెక్యులెక్టమీ. ఇంగ్లండులో జె. ఇ. కెయిర్న్స్ అనే డాక్టరు 1968లో దీన్ని లోకానికి వివరించాడు. తెల్లగుడ్డులో చిన్న తలుపులాంటి ముక్క కోసి, దాని కింద రంధ్రం చేసి, ఆ తలుపుని వదులుగా కుట్టేస్తారు. నీరు ఆ తలుపు సందుల్లోంచి మెల్లగా బయటికి వచ్చి, తెల్లగుడ్డుని కప్పి ఉండే పల్చటి పొర కింద చేరుతుంది. పై రెప్ప ఎత్తి చూస్తే అక్కడ చిన్న నీటిపొక్కులా కనిపిస్తుంది. పొక్కులో చేరిన నీటిని శరీరమే పీల్చుకుంటుంది. పొక్కు ఉందంటే తూము పారుతోందని గుర్తు.

ఇక్కడొక తిరకాసు ఉంది. మనిషి ఒంటికి ఏ గాయమైనా పూడ్చెయ్యడమే అలవాటు. కానీ ఈ గాయం మానాలి, పూర్తిగా మానిపోకూడదు. పై పొర అతుక్కోవాలి, లోపలి తూము మాత్రం తెరిచే ఉండాలి. అందుకని తూము మచ్చకట్టి మూసుకుపోకుండా ఆపరేషన్ సమయంలో మైటోమైసిన్ అనే మందుని కొద్ది నిమిషాలు అద్దుతారు. ఆపరేషన్ తర్వాత స్టిరాయిడ్ చుక్కలు వారాల తరబడి వేయిస్తారు. ఈ మందులు మచ్చని ఆపుతాయి. కానీ అవే పై పొర మానడాన్ని కూడా మందగింపజేస్తాయి. అందువల్ల కొందరిలో పై పొర కుట్ల దగ్గరో, అంచు దగ్గరో సరిగా అతుక్కోక, నీరు పొక్కులో నిలవకుండా నేరుగా కంటి బయటికి వచ్చేస్తుంది. ఎవరి చెయ్యీ తప్పకపోయినా ఇలా జరగవచ్చు. ఆపరేషన్ ముందు సంతకం పెట్టించుకున్న కాగితంలో ఈ సంగతి తెలుగులోనే రాసి ఉంది.

2022 నవంబరు రెండో వారంలో ఆపరేషన్ అయింది. ఏడో రోజు పరీక్షలో ఒత్తిడి 9. డాక్టరమ్మ సంతోషించింది. మేము రైలెక్కి బరంపురం వచ్చేశాం. రాత్రిళ్ళు కంటికి ప్లాస్టిక్ చిప్ప, పగలు నల్లకళ్ళజోడు, వంగకూడదు, బరువెత్తకూడదు, కన్ను నలపకూడదు, తలస్నానం వద్దు. నాన్నగారు అన్నీ పాటించారు.

పదమూడో రోజు పొద్దున్న తలగడ గలీబు ఒక పక్క తడిసి ఉంది. చెంప మీద నీళ్ళు జారిన చార. కన్ను ఎర్రగా లేదు, నొప్పి లేదు. గోడ మీది క్యాలెండరు అంకెలు మాత్రం మసకేశాయన్నారు.

మా పెద్దత్త, అంటే నాన్నగారి అక్కగారు, మాతోనే ఉంటుంది. ఎనభై దాటిన మనిషి. "కోసిన కన్ను నీరు కారదేటి? మామూలే. నందివర్ధనం పూలు తెచ్చి, ఆ రసం రెండు చుక్కలు పిండితే చల్లబడిపోద్ది" అంది. ఆవిడ చెప్పింది మన తాతముత్తాతల నుంచీ వస్తున్న మాటే. కంటి ఎరుపుకీ మంటకీ మా ఇళ్ళల్లో అదే వాడేవాళ్ళు. అయినా నేను "వద్దత్తా, డాక్టరమ్మని అడక్కుండా ఏదీ వెయ్యొద్దు" అన్నాను. అత్తకి కోపం వచ్చింది. "నేను వాడికి పాలు పట్టి పెంచాను, నువ్వు నాకు చెప్తావా" అని పెరట్లోకి వెళ్ళి కూర్చుంది. పెద్దవాళ్ళ మాట కాదనడం ఎంత కష్టమో మీ అందరికీ తెలుసు.

ఆ చిక్కుముడి నాన్నగారే విప్పారు. "అమ్మలూ, ఇది ఏడుపు నీరు కాదు. ఏడుపు నీరైతే కళ్ళు మండుతాయి, రెండు కళ్ళూ చెమ్మగిల్లుతాయి. ఇది ఒక్క కంట్లోంచి ఊరికే జారిపోతంది. గట్టు కింద ఊట పట్టినట్టుంది. పద, విశాఖ పోదాం" అన్నారు. ఆస్పత్రికి ఫోను చేస్తే వెంటనే రమ్మన్నారు. ఆ రాత్రే బండెక్కాం. ఇచ్ఛాపురం, పలాస, శ్రీకాకుళం రోడ్డు, విజయనగరం - సుమారు 280 కిలోమీటర్ల దూరం. నాన్నగారు కంటికి చిప్ప కట్టుకుని కూర్చునే ఉన్నారు. నాకు ఆ రాత్రి కునుకు పట్టలేదు. మిగిలిన కన్ను ఆ ఒక్కటే కదా.

పొద్దున్నే డాక్టరమ్మ ఆయన గడ్డాన్ని యంత్రం మీద ఆన్చి, ఫ్లోరసీన్ అనే నారింజరంగు మందున్న కాగితపు పీలికని పొక్కు మీద మెల్లగా తాకించింది. నీలం దీపం వేసింది. తర్వాత నన్ను పిలిచి పక్కన ఉన్న తెర మీద చూపించింది. రంగు పులిమిన చోటల్లా మెరుస్తోంది. దాని మధ్యలో, పొక్కు అంచున, దారప్పోగంత నీటి చాలు పుట్టి కిందికి జారుతోంది. లోపలినుంచి వచ్చే స్వచ్ఛమైన నీరు రంగుని పలచన చేసి కడిగేస్తూ తన దారిని తనే చూపిస్తోంది. దీన్ని సైడెల్ పరీక్ష అంటారు. ఒక జర్మన్ డాక్టరు పేరు మీద వచ్చింది. వందేళ్ళ నాటి పరీక్ష, రెండు నిమిషాల పని. ఇంత ఖరీదైన యంత్రాల మధ్య నాన్నగారి కన్నుకి దారి చూపింది ఆ కాగితపు పీలికే.

"కొందరికి పొక్కు చెమర్చినట్టు ఉంటుంది. దానికి అంత కంగారు లేదు. ఇది చెమర్చడం కాదు, పారుతోంది" అంది డాక్టరమ్మ. నాన్నగారు తల ఊపారు. చెరువు గట్టు కింద నేల చెమ్మగా ఉండడం వేరు, ఊట కట్టి పారడం వేరు అని ఆయన లస్కర్లకి చెప్పిన మాటే అది.

కంటి ఒత్తిడి 3కి పడిపోయింది. 34 ఎక్కువైతే 3 మంచిదే కదా అని నేను అనుకున్నాను. కాదట. లోపల నీరు చాలకపోతే కనుగుడ్డు మెత్తబడిపోతుంది. ముందు గది లోతు తగ్గి లోపలి భాగాలు ఒకదానికొకటి ఆనుకునే ప్రమాదం ఉంది. వెనకనున్న తెర ముడతలు పడుతుంది. ముడతలు పడిన తెర మీద బొమ్మ సరిగా పడదు. అందుకే క్యాలెండరు అంకెలు మసకేశాయి. ఎక్కువ కాలం అలాగే ఉంటే ఆ మసక పూర్తిగా పోకపోవచ్చు.

అంతకన్నా పెద్ద భయం ఇంకొకటి ఉంది. నీరు బయటికి వచ్చే దారి ఉందంటే క్రిమి లోపలికి పోయే దారీ ఉన్నట్టే. మామూలు కంటికి పై పొరే కోటగోడ. ఇక్కడ గోడకి కన్నం పడింది. ఆ కన్నం గుండా క్రిములు లోపలికి చేరి కన్నంతా చీము పడితే ఒకటి రెండు రోజుల్లో చూపు పూర్తిగా పోవచ్చు. ఈ మాట విన్నప్పుడు నాకు మా పెరట్లోని నందివర్ధనం చెట్టు గుర్తొచ్చింది. ఆ పూలరసం చల్లదనం ఎలా ఉన్నా, మరిగించని ఏ రసమైనా, తేనె అయినా, తల్లిపాలైనా, కన్నం పడిన కంట్లో వేస్తే లోపలికి క్రిముల్ని పంపినట్టే. ఊరికి వెళ్ళాక అత్తకి ఇదే సంగతి చెప్పాను. "గోడకి కన్నముంటే దొంగ దూరడూ" అంది ఆవిడ, తనే ఒప్పుకుంటూ.

మొదట డాక్టరమ్మ జిగురు వెయ్యలేదు. కారే కన్నం మీద కట్టులా ఉండేందుకు పెద్ద సైజు కాంటాక్ట్ లెన్సు పెట్టింది. గాయం మానడానికి వీలుగా స్టిరాయిడ్ చుక్కల్ని సగానికి తగ్గించింది. క్రిములు రాకుండా చుక్కలిచ్చింది. లోపలి ఊట తగ్గించే చుక్కల మందు ఒకటి మొదలుపెట్టింది. నాకు వింతగా తోచింది. ఒత్తిడి 3 ఉన్నవాళ్ళకి ఒత్తిడి తగ్గించే మందా? నాన్నగారే వివరించారు. "పారే నీటి మీద మట్టి నిలవదమ్మా. గండి పూడ్చాలంటే ముందు ప్రవాహం తగ్గించాలి." చాలామందికి ఈ దశలోనే కారడం ఆగిపోతుందట. మేము ఆ నాలుగు రోజులూ విశాఖలో మా పిన్నిగారింట్లోనే ఉన్నాం.

నాలుగో రోజు నీలం దీపం కింద చూస్తే చాలు సన్నబడింది కానీ ఆగలేదు. మళ్ళీ కుట్టు వెయ్యకూడదా అని అడిగాను. మైటోమైసిన్ అద్దిన చోట పొర తడిసిన పల్చటి కాగితంలా ఉంటుందట. సూది దించిన ప్రతి చోటా మరో కన్నం పడవచ్చు. అవసరమైతే పక్కనున్న మంచి పొరని లాగి కప్పి కుట్టే పెద్ద ఆపరేషన్ ఉంది. కొందరికి వాళ్ళ రక్తమే కొంచెం తీసి పొక్కులోకి ఎక్కించడం కూడా ఉంది. వాటికన్నా ముందు ఒకసారి జిగురుతో ప్రయత్నిద్దాం అంది.

ఆ జిగురు పేరు సయనోఆక్రిలేట్. పేరు కొత్తగా ఉన్నా వస్తువు మనకి కొత్త కాదు. విరిగిన బొమ్మకీ తెగిన చెప్పుకీ మనం వాడే ఫెవిక్విక్ ఆ వంశానిదే. 1942లో అమెరికాలో కొడాక్ కంపెనీలో హ్యారీ కూవర్ అనే శాస్త్రజ్ఞుడు తుపాకీ గురి అద్దాల కోసం పారదర్శకమైన ప్లాస్టిక్ వెతుకుతుంటే ఇది తగిలింది. ముట్టుకున్నదానికల్లా అంటుకుంటోందని విసుగెత్తి పక్కన పెట్టేశాడు. 1951లో మళ్ళీ దాని జోలికి వచ్చినప్పుడు ఆ అంటుకునే గుణమే దాని విలువని గ్రహించాడు. 1958లో అది జిగురుగా అంగళ్ళలోకి వచ్చింది. వియత్నాం యుద్ధంలో గాయపడిన సైనికుల రక్తస్రావం ఆపడానికి దీన్ని పిచికారీ చేశారు. 1968లో అమెరికా కంటి డాక్టర్లు నల్లగుడ్డుకి పడిన చిల్లుల్ని దీంతో మూసిన సంగతి ప్రకటించారు. కెయిర్న్స్ తూము ఆపరేషన్‌ని వివరించిన సంవత్సరమూ అదే.

దీని కిటుకు తేమలో ఉంది. మిగతా జిగుర్లు ఆరితే గట్టిపడతాయి. ఇది తేమ తగలగానే క్షణాల్లో గట్టిపడుతుంది. అందుకే తడిగా ఉండే కంటి మీద కూడా పనికొచ్చింది. అయితే ఇంట్లో వాడే జిగురు వేరు, ఆస్పత్రిలో వాడేది వేరు. ఇంటి రకం గట్టిపడేటప్పుడు ఎక్కువ వేడి పుట్టిస్తుంది, తొందరగా విరిగి ఒంటికి పడని పదార్థాలని వదులుతుంది. ఒంటి మీద వాడడానికి తయారుచేసిన బ్యూటైల్ రకం నెమ్మదిగా విరుగుతుంది, శుద్ధిచేసిన చిన్న గొట్టాల్లో వస్తుంది. ఇది చదివి ఎవరూ ఇంట్లో జిగురుతో సాహసం చెయ్యకూడదు. మరొక్క మాట కూడా ఇక్కడే చెప్పాలి. జిగురు గొట్టాన్ని చుక్కల మందు అనుకుని పొరపాటున కంట్లో వేసుకుని ఆస్పత్రికి పరిగెత్తేవాళ్ళు ఉన్నారు. మందుల పెట్టెలో ఆ గొట్టాన్ని ఎప్పుడూ ఉంచకండి. ఎప్పుడైనా అలా జరిగితే రెప్పల్ని బలవంతంగా విడదీయకుండా, నీళ్ళతో కడుగుతూ కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

నాన్నగారికి మత్తు సూది కూడా వెయ్యలేదు. మొద్దుబారే చుక్కలు వేసి మైక్రోస్కోపు కింద పడుకోబెట్టారు. నన్ను తలుపు దగ్గర నిలబడనిచ్చారు. డాక్టరమ్మ ముందు కన్నం చుట్టూ ఉన్న పై జిగట పొరని కొంచెం గీకింది. చిన్న స్పాంజి ముక్కతో ఆ చోటుని మళ్ళీ మళ్ళీ ఒత్తి తడి లాగేసింది. అసలు నేర్పంతా ఇక్కడే ఉందట. నీరు ఎక్కువుంటే జిగురు కన్నం అంచుని పట్టకుండా నీటి మీదే గట్టిపడి ఊడిపోతుంది. తర్వాత సన్నని సూదిమొనతో ఆవగింజలో సగమంత జిగురుని ముట్టించింది. ఎక్కువ వేస్తే పెద్ద గడ్డలా నిలిచి గుచ్చుతుంది, ఊడిపోతుంది కూడా. అర నిమిషం ఆగి, మెత్తటి లెన్సు ఒకటి పైన కప్పింది. గట్టిపడిన జిగురు గరుకుగా ఉంటుంది కాబట్టి రెప్పకి ఒరుసుకోకుండా లెన్సు కాపాడుతుంది. మొత్తం పావుగంట కూడా పట్టలేదు.

ఒక్కసారితో అయిపోయిందని చెప్పను. రెండోరోజు రాత్రి నాన్నగారి కంట్లో ఇసుక పడినట్టయింది. పొద్దున్న చూస్తే లెన్సు జారింది, జిగురు పెచ్చు దానికి అతుక్కుని వచ్చేసింది. మళ్ళీ నీలం దీపం, మళ్ళీ చాలు. నాన్నగారు మొట్టమొదటిసారి ఆ రోజు మాట్లాడకుండా కూర్చున్నారు. సాయంత్రం పిన్ని కాఫీ ఇస్తే గ్లాసుని చేత్తో తడుముకుని పట్టుకుని "ఈ కన్నూ పోతే పిల్లలకి ఒత్తులెవరు దిద్దుతారే" అన్నారు. పిన్ని లోపలికి వెళ్ళిపోయింది. నేనూ జవాబు చెప్పలేకపోయాను.

డాక్టరమ్మ మాత్రం నిరుత్సాహపడలేదు. ఇలా ఊడడం మామూలే, అంచులు ఇప్పటికే కొంత దగ్గరపడ్డాయి అని చెప్పి రెండోసారి వేసింది. ఈసారి నాన్నగారు పిన్నిగారింట్లో వెల్లకిలా పడుకుని, దగ్గు వస్తే దగ్గు మందు తాగి, విరోచనం సాఫీగా అయ్యేట్టు పళ్ళు తిని, కన్ను మీద చెయ్యి పడకుండా రాత్రిళ్ళు చిప్ప కట్టుకుని రోజులు లెక్కపెట్టారు. పన్నెండో రోజున జిగురు పెచ్చు తనంతట తనే ఊడి లెన్సులో కనిపించింది. మా గుండెలు జారిపోయాయి. డాక్టరమ్మ కాగితపు పీలిక తాకించి, నీలం దీపం వేసి, చాలాసేపు చూసింది. రంగు ఎక్కడిదక్కడే మెరుస్తోంది. చాలు లేదు. పొక్కు మాత్రం అలాగే ఉంది. ఒత్తిడి 11. గండి పూడింది, తూము నిలిచింది.

ఇందులో నాకు అర్థమైంది ఇదీ: జిగురు గాయాన్ని మాన్పలేదు. మాన్పింది ఒళ్ళే. జిగురు కింద కొత్త పొర ఇటునుంచీ అటునుంచీ పాక్కుంటూ వచ్చి కలుసుకుంది. కలుసుకున్నాక ఇక దాని అవసరం లేక జిగురుని బయటికి నెట్టేసింది. ఆ పది పన్నెండు రోజుల గడువు సంపాదించి పెట్టడమే జిగురు చేసిన సాయం. ఆ గడువు దక్కాలంటే కారుతున్న సంగతి ముందుగా కనిపెట్టాలి, కనిపెట్టాక నాటువైద్యం చెయ్యకుండా వెళ్ళాలి, వెళ్ళాక ఓపిక పట్టాలి. ఈ మూడూ ఇంట్లోవాళ్ళ చేతిలో ఉన్నవే.

జిగుర్లలో ఇంకో రకం కూడా ఉంది. దాన్ని ఫైబ్రిన్ జిగురు అంటారు. తెగిన చోట రక్తం గడ్డకట్టే పద్ధతినే అది అనుకరిస్తుంది. మనుషుల రక్తం నుంచి తీసిన రెండు పదార్థాలని విడివిడిగా ఉంచి, వేసేటప్పుడు కలుపుతారు. మెత్తగా ఉంటుంది, గుచ్చదు, కొద్దిరోజుల్లో తనే కరిగిపోతుంది. కానీ ఖరీదెక్కువ, పట్టు కొంచెం తక్కువ. ఎవరికి ఏది నప్పుతుందో కన్నం చూసిన డాక్టరే చెప్పాలి. కన్నం పెద్దదైతే ఏ జిగురూ చాలక మళ్ళీ ఆపరేషనే చెయ్యవలసి రావచ్చు.

మన సంఘం కుటుంబాల్లో చాలామందిమి పెద్ద ఆస్పత్రులకి దూరంగా ఉన్నాం. యానాం వాళ్ళు కాకినాడకో, బళ్ళారి వాళ్ళు బెంగుళూరుకో, షోలాపూర్ వాళ్ళు హైదరాబాదుకో వెళ్ళి ఆపరేషన్ చేయించుకుని ఇంటికి వచ్చేస్తారు. కారడం మొదలయ్యేది ఇంటికి వచ్చాకే. అందుకని కొన్ని సంగతులు గుర్తుపెట్టుకోండి. నీటికాసుల ఆపరేషన్ అయిన కంట్లోంచి నీరు జారుతుంటే, చూపు ఉన్నట్టుండి మసకేస్తే, నొప్పి లేకపోయినా ఆగకండి. కన్ను ఎర్రబడి, నొప్పిపుట్టి, పుసి కడితే ఆ పూటే వెళ్ళాలి. ఈ జాగ్రత్త నెలరోజులకి కాదు. పొక్కు పొర ఏళ్ళు గడిచాక కూడా పలచబడి కారే అవకాశం ఉంది కాబట్టి పొక్కు ఉన్నన్నాళ్ళూ కనిపెట్టుకుని ఉండాలి. దూరాన ఉన్న ఆస్పత్రికి వెళ్ళే వీలు లేకపోతే దగ్గర్లో ఉన్న కంటి డాక్టరుకి ఆపరేషన్ కాగితాలు చూపించి సైడెల్ పరీక్ష చెయ్యమని అడగండి. నీలం దీపం లేని కంటి డాక్టరు ఉండరు.

ఇక చివరిగా, ఈ జబ్బు కుటుంబాల్లో పాకుతుంది. తల్లిదండ్రులకో, తోబుట్టువులకో ఉంటే మనకి వచ్చే అవకాశం ఎక్కువ. నలభై దాటినవాళ్ళు కళ్ళజోడు నంబరు చూపించుకోవడంతో సరిపెట్టుకోకుండా కంటి ఒత్తిడీ, చూపునరమూ కూడా పరీక్ష చేయించుకోవాలి. 2023 సంక్రాంతికి మా తమ్ముడు రూర్కెలా నుంచి వచ్చినప్పుడు డాక్టరమ్మ మాట ప్రకారం ఇద్దరం వెళ్ళి చూపించుకున్నాం. నాకేమీ లేదు, ఏడాదికోసారి రమ్మన్నారు. తమ్ముడికి ఒత్తిడి 26 ఉంది, చూపునరం మీద మార్పు అప్పుడే మొదలైంది. వాడికి ఒక్క లక్షణమూ లేదు. అప్పటినుంచీ రోజూ రాత్రి పడుకునేముందు చుక్కలు వేసుకుంటున్నాడు. నాన్నగారు తొమ్మిదింటికి ఫోను చేసి "వేసుకున్నావురా?" అని అడిగి, వాడు వేసుకున్నానన్నాకే పడుకుంటారు.